ఉప్పు చూడని చెయ్యి

"బావగారు చెప్పింది నిజమేనా అక్కా? మీరు అసలు కూరలో ఉప్పు చూడనే చూడరా?" మెట్లెక్కుతూ అడిగింది త్రివేణి.

"చూడను."

"మరి సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"వాసన చెబుతుంది కదమ్మా," అంది హేమమాలిని. అనేసి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని, ఇంకేం అడుగుతుందోనని గబగబా ముందుకెక్కింది.

నిరుడు వచ్చిన విషజ్వరం దాకా అది నిజమే. జ్వరం తగ్గింది, ఒళ్లు నొప్పులు తగ్గాయి, నోటికి అన్నం సయించింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. తాలింపులో ఇంగువ వేస్తే ఇంగువ కంటికి కనబడేది, అంతే. తునిలో పెళ్లి వంటలకి వెళ్లినప్పుడు పక్కన సాయం చేసే ఆడవాళ్లుండేవారు. "అమ్మగారూ, ఆవాలు మాడుతున్నాయి" అని ఒకరు, "పులుసు ఘుమఘుమలాడిపోతోంది" అని ఇంకొకరు అంటూనే ఉండేవారు. ఆ మాటలతోనే నెట్టుకొచ్చింది. ఎండుమిరపకాయలు వేయిస్తే ఘాటుకి దగ్గు మాత్రం వచ్చేది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, మొగుడితో సహా.

నాలుక బాగానే ఉంది. ఉప్పు, పులుపు, కారం, తీపి అన్నీ తెలుస్తాయి. కానీ ఆ నాలుక వంతు వచ్చేది అందరూ తిని లేచాక, ఆమె తన కంచం ముందు కూచున్నప్పుడు. ఈ పూట పప్పులో ఉప్పు తగ్గిందని అప్పుడు తెలిసేది. అప్పటికి గిన్నెలు ఖాళీ. దేవుడికి పెట్టకుండా, మగవాళ్లకి వడ్డించకుండా వంట నోట్లో పెట్టుకోవడం ఆమె పుట్టింట్లో లేదు, అత్తింట్లో అంతకన్నా లేదు. పెడితే ఆ గిన్నె ఎంగిలి అయినట్టే.

మామూలుగా అయితే ఇంత భయపడేది కాదు. త్రివేణి మొగుడు దొరబాబు ఈ పరాయి దేశంలో తాముండే యీషున్‌లో కేటరింగ్ మొదలుపెడుతున్నాడు. వాళ్ల ముత్తాతలెప్పుడో తుని ప్రాంతం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. సొంతూరు చూద్దామని కిందటి ఏడాది వచ్చిన దొరబాబు ఒక పెళ్లిలో హేమమాలిని వంట తిని, ఆమె మొగుడు రాజారావు చెయ్యి పట్టుకుని వదల్లేదు. గుడిలో ఉత్సవాలకి, ఇళ్లలో వ్రతాలకి భోజనాలు పంపాలని అతని ఆలోచన. "మా ఆవిడ చెయ్యి ఎంగిలి ఎరగదు తమ్ముడూ. దేవుడికి నేరుగా పెట్టుకోవచ్చు," అన్నాడు రాజారావు. ఆ ఒక్క మాట మీదే ఇద్దరికీ టిక్కెట్లు వచ్చాయి. శనివారం పౌర్ణమి. ఆ రోజు దొరబాబు ఇంట్లో సత్యనారాయణ వ్రతం. గుడి కమిటీలో పెద్దమనిషి జనార్ధనరావుగారు భోజనానికి వస్తారు. ఆయన తిని సరే అంటే గుడి పని వీళ్లది.

ఈలోగా ఈ స్పెయిన్ వంట ఒకటి. త్రివేణి ఆఫీసు స్నేహితురాలితో కలిసి ఎప్పుడో డబ్బు కట్టి పెట్టుకున్న క్లాసు. ఆ అమ్మాయి రానంది. రాజారావు ఎగిరి గంతేసి, "హేమా, నువ్వెళ్లు. ఒక్కసారి వాసన పట్టావంటే చాలు, రేపు ఇంట్లో వండి పడేస్తావు. మా ఆవిడ సంగతి మీకు తెలీదు," అన్నాడు, అందరి ముందూ.

మేడ మీద గది పొడుగ్గా ఉంది. గోడ వారన పొయ్యిలు, ఒక్కో పొయ్యి మీద రెండు చెవులున్న వెడల్పాటి పెనం. పెనం కాదట, దాని పేరే పాయెయా, అందులో వండినదాని పేరూ అదే. చెబుతున్నావిడ పొట్టిగా, దిట్టంగా ఉంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. పేరు ఇన్మా. వాలెన్సియా దగ్గర పల్లెటూరు తమదని, ఇది తన అమ్మమ్మ చేసే పద్ధతని, రొయ్యలూ ఆల్చిప్పలూ వేసి దీన్ని పాడుచెయ్యొద్దని ముందే హెచ్చరించింది. ఇంగ్లీషు ఆగి ఆగి మాట్లాడుతోంది. అందువల్ల హేమమాలినికి సగానికి పైగా అర్థమైంది. మిగతాది త్రివేణి చెవిలో చెప్పింది.

పని మొదలయ్యాక హేమమాలినికి కాస్త ఊపిరి వచ్చింది. కోడి ముక్కల్ని నూనెలో సన్నమంట మీద తిప్పుకుంటూ ఎర్రగా చెయ్యడం, ఇది చెయ్యి పని, కంటి పని. పక్క పొయ్యి దగ్గర కుర్రజంట మంట పెంచేసి ముక్కల్ని అంటించేసుకున్నారు. హేమమాలిని పెనం మీద ముక్కలు గవ్వ రంగులోంచి బెల్లం రంగులోకి మెల్లగా తిరిగాయి. ఇన్మా ఆగి చూసింది, భుజం తట్టి వెళ్లింది.

"అక్కా, టీచర్‌కి మీరు నచ్చేశారు లా," అంది త్రివేణి, ఇక్కడివాళ్ల తీరులో మాట చివర 'లా' తగిలించి.

ముక్కల్ని అంచులకి తోసి, మధ్యలో చిక్కుళ్లు వేసి, టమాటా తురుము పోశారు. టమాటా ఇగిరి, నూనె తేలి, జామపండు గుజ్జులా అయ్యేదాకా ఓపిక పట్టమంది. తర్వాత ఎర్ర మిరపపొడి, అది వేసిన వెంటనే నీళ్లు పొయ్యాలి, క్షణం దాటితే చేదెక్కుతుంది. నీళ్లు పోశారు. కుంకుమపువ్వు వేస్తే నీళ్లు పసుపెక్కాయి. త్రివేణి వంగి, కళ్లు మూసుకుని, "అబ్బా" అంది. హేమమాలిని కూడా వంగింది. తనూ కళ్లు మూసుకుంది. వేడి ఆవిరి మొహానికి తగిలింది, అంతకుమించి ఏమీ లేదు. "అబ్బా," అంది.

అక్కడే ఇన్మా అందర్నీ ఆపింది. బియ్యం పోసే ముందు ఉప్పు చూడాలి, ఇప్పుడు కొంచెం ఎక్కువనిపిస్తేనే తర్వాత సరిపోతుంది, బియ్యం పడ్డాక ఇక గరిటె పెట్టేది లేదు, దిద్దుకునేది లేదు అని చెప్పింది. రెండు చెంచాలు తీసి చూపించింది. పెద్దది గిన్నెలోకి వెళుతుంది. పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి పొయ్యాలి. చిన్నది నోట్లోకి వెళుతుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. ఆ చిన్నది మళ్లీ గిన్నె మొహం చూడకూడదు.

అందరూ చూశారు. ఉప్పు అందుకున్నవాళ్లు అందుకున్నారు. హేమమాలిని చెంచాలు రెండూ తుడిచి బల్ల మీద వరసగా పెట్టింది.

ఇన్మా వచ్చి నిలబడింది. "చూడు."

"వాళ్ల పద్ధతిలో వండేవాళ్లు రుచి చూడరు," అని త్రివేణి చెప్పింది, కొంచెం గొప్పగా. "దేవుడికి ముందు పెట్టాలి. ఈవిడకి వాసనతోనే తెలిసిపోతుంది."

ఇన్మా ఆ మాట శ్రద్ధగా విన్నది. వెక్కిరించలేదు. హేమమాలిని కళ్లలోకి చూసి ఏదో అడిగింది. త్రివేణి నవ్వుతూ తెలుగులోకి మార్చింది. "మరి మీ తప్పు మొదట ఎవరు తింటారు అంటోంది."

హేమమాలినికి నవ్వు రాలేదు. పిడికిట్లో ఉప్పు తీసి, చేతి కొలతతో నీళ్లలో విదిల్చింది. ఇంట్లో గల్లుప్పు. ఇది పిండిలా మెత్తగా ఉంది. దీన్ని ఆమె చెయ్యి ఎరగదు, ఎక్కువవుతుందేమోనని తగ్గించే వేసింది.

బియ్యం జల్లారు. ముందు పెద్ద మంట, తర్వాత చిన్న మంట. నీరు ఇంకిపోయాక మళ్లీ మంట పెంచమంది ఇన్మా. అడుగున సన్నగా చెక్క కట్టాలట. స్పెయిన్‌లో ఇంటిల్లిపాదీ దానికోసమే కొట్టుకుంటారట. "వినండి. చిటపటమంటుంది. తర్వాత వాసన మారుతుంది. వేయించిన వాసన. మారగానే ఆపెయ్యాలి. చూడొద్దు. ముక్కు దగ్గర పెట్టండి."

హేమమాలిని ముక్కు దగ్గర పెట్టింది. చిటపట వినబడింది. చుట్టూ ఒక్కో పొయ్యీ ఆగిపోవడం కూడా వినబడింది. ఎక్కువైందా, ఇంకా కాలేదా. మనింట్లో అన్నం అడుగంటితే ఇల్లాలు గుట్టుగా గోకి తన కంచంలో వేసుకుంటుంది. ఇక్కడ అదే కావాలంటున్నారు, ఎంతవరకో ముక్కుని అడగమంటున్నారు. ఆమె మంట వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్లీ చాపుతుండగా గది ఆ చివర్నించి ఇన్మా పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది. పెనం అంచున నల్లటి పొగ సన్నగా లేస్తోంది.

"అక్కా," అంది త్రివేణి నెమ్మదిగా. "మాడు వాసన మీకు రాలేదా?"

"వచ్చింది. అలాగే ఉండాలేమో అనుకున్నా. వాళ్ల వంట కదా."

త్రివేణి ఆమె వైపు ఒక్క క్షణం ఎక్కువసేపే చూసింది.

తర్వాత అందరూ పెనాల చుట్టూ నిలబడి తిన్నారు. హేమమాలిని పైనున్న అన్నం నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకుంది. ఉప్పు చాల్లేదు. తెలిసింది. ఎప్పట్లాగే ఆఖర్న తెలిసింది.

*

గురువారం పొద్దున కుమారమ్మ పొయ్యి ముందు నిలబడింది. దొరబాబు తల్లి ఆవిడ. ఇక్కడే పుట్టింది, మాటల్లో అరవం, మలయ్ అలా వచ్చిపోతుంటాయి. "శుక్రవారం, శనివారం మన ఇంట్లో నీచు ముట్టం. సంబల్ కారం నూరాలంటే ఇవాళే," అంటూ బెలచాన్ ముద్ద ఒకటి గరిటె మీద పెట్టి మంట మీద కాల్చడం మొదలుపెట్టింది. ఎండబెట్టి, మాగబెట్టిన రొయ్యపొట్టు ముద్ద అది.

పెద్ద గదిలోంచి రాజారావు కేక వినబడింది. "ఏంటది, ఏదైనా చచ్చిందా?" రుమాలు ముక్కుకి కట్టుకుని బయట వరండాలోకి పరిగెత్తాడు. దొరబాబు పగలబడి నవ్వాడు. "అన్నా, మా మకాన్, అదే మా తిండి, మీకు పడదు. సాయంత్రం దాకా లిఫ్ట్ దగ్గరే ఉండండి."

త్రివేణి కిటికీలు తెరిచింది. ఆమె కూడా చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

హేమమాలిని పొయ్యికి మూరెడు దూరంలో పీట వేసుకుని చిన్నుల్లిపాయలు వలుస్తోంది. కుమారమ్మ గరిటె తిప్పుతూ ఆమెనే చూసింది. పొగ ఆమె మొహం మీదికే పోతోంది. ఆమె కత్తి ఆగలేదు.

"నా కోడలు పెళ్లయిన కొత్తలో వాంతి చేసుకుంది దీనికి," అంది కుమారమ్మ.

అప్పటికి గాని హేమమాలినికి తట్టలేదు. కొంగు తీసి ముక్కుకి పెట్టుకుంది. ఆలస్యమైపోయింది.

కుమారమ్మ గరిటె దించింది.

ఆ రాత్రి భోజనానికి చారు పెట్టింది హేమమాలిని. గల్లుప్పు దొరబాబుతో తెప్పించుకుంది. ఈసారి చెయ్యి తప్పదనుకుంది. మధ్యలో పోపు గింజల కోసం వెతుక్కుంటూ, ఉప్పు వేశానా లేదా అని ఆగింది. ఇదివరకైతే చారు మరుగుతుంటే వచ్చే వాసనలోనే జవాబుండేది. వెయ్యలేదనుకుని వేసింది.

మొదటి ముద్దకే దొరబాబు నీళ్ల గ్లాసు అందుకున్నాడు. రాజారావు మొహం చిట్లించి, వెంటనే నవ్వేశాడు. "త్రివేణీ, నువ్వు కూడా ఓ చెయ్యి వేశావా ఏంటమ్మా ఉప్పుతో? మా ఆవిడ వేసేసుంటుందే."

"నేను వెయ్యలేదు బావగారూ. నేను పొయ్యి దగ్గరికే రాలేదు."

"మా ఆవిడకి వంటింట్లో ఏం వేస్తుందో తెలీదులే అన్నా," అన్నాడు దొరబాబు. "కిందటి దీపావళికి పాయసంలో ఉప్పు వేసింది తెలుసా."

"అది ఒక్కసారి. ఇవాళ నేను వెయ్యలేదు," అంది త్రివేణి. నవ్వుతూనే అంది గాని, చెవులు ఎర్రబడ్డాయి. హేమమాలిని వైపు చూసింది, మీరైనా చెప్పండి అన్నట్టు.

హేమమాలిని చారు గిన్నె తీసి లోపలికి పట్టుకెళ్లింది. "నీళ్లు కలిపి తెస్తాను," అంది.

వేడినీళ్లు పోసి గరిటెతో తిప్పుతుంటే కుమారమ్మ వెనకాలే వచ్చి సింకు దగ్గర నిలబడింది. నీళ్లు వదిలింది, మాట బయటికి పోకుండా.

"ముక్కు పోయింది కదా."

గరిటె ఆగింది. "ఎవరికీ తెలీదు అత్తయ్యగారూ."

"మొగుడికి?"

"తెలీదు."

"శనివారం ఎట్టా వండుతావు?"

"చెయ్యి ఉంది కదండీ. కొలత ఉంది."

"ఇప్పుడు చూశాం కదా కొలత." కుమారమ్మ గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. "నా కొడుకు ఉన్న ఉద్యోగం మానుకుని దీంట్లో దిగాడు. జనార్ధనరావు మొహమాటానికి సరే అనే మనిషి కాదు. నేను ఎవరికీ చెప్పను, చాడీలు నాకు అలవాటు లేదు. నువ్వు చెబుతావో, సరిగ్గా వండుతావో చూసుకో. నా కోడలి మీదికి మాత్రం నెట్టకు."

కొళాయి కట్టేసి వెళ్లిపోయింది.

*

శుక్రవారం టెక్కా మార్కెట్టుకి వెళ్లారు మొగుడూ పెళ్లాం. గుమ్మడికాయ, ములక్కాడలు, లేత వంకాయలు అన్నీ దొరికాయి. వంకాయల తొడిమెలు నొక్కి చూస్తూ, చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచింది.

"ఏవండీ."

"ఆగు," అన్నాడు రాజారావు. ఫోన్‌లో తునిలో తమ్ముడితో మాట్లాడుతున్నాడు. "గుడంటే మన గుడి లాంటిది కాదురా. ఇక్కడ అన్నీ పద్ధతి ప్రకారం. ఎంగిలి అన్న మాటే ఉండకూడదు. మీ వదిన లాంటిది ఈ దేశం మొత్తం మీద దొరకదని దొరబాబే అన్నాడు... ఆ, చెప్పు హేమా, ఏంటి?"

"అల్లం ఇంకొంచెం తీసుకుందామా?"

"నీ ఇష్టం. నీకంటే నాకేం తెలుసు."

ట్రెయిన్‌లో వెనక్కి వస్తుంటే ఆయన సంచులన్నీ తన కాళ్ల మధ్యే పెట్టుకున్నాడు, ఆమెకి బరువు కాకూడదని. చెబితే ఆయన ఏమంటాడో అనే భయం కాదు ఆమెకి. చెప్పాక ఆయన ఇంకెప్పుడూ ఇంత గొప్పగా ఫోన్‌లో మాట్లాడలేడు.

*

శనివారం పెద్ద గదిలో పీట వేసి, అరటి పిలకలు కట్టి, కలశం పెట్టారు. పంతులుగారి గొంతు వంటింట్లోకి స్పష్టంగా వస్తోంది. హేమమాలిని తెల్లవారకుండానే తలస్నానం చేసి మొదలుపెట్టింది. పులిహోర, ముద్దపప్పు, వంకాయ కూర అయ్యాయి. వ్రతం ప్రసాదం కుమారమ్మ స్వయంగా కలిపింది. మిగిలింది దప్పళం. గుమ్మడి, ఆనప, ములగ, చిలగడదుంప ముక్కలు చింతపండు పులుసులో కుతకుతమంటున్నాయి. బెల్లం వేసింది. ఉప్పు వేసింది. వేసింది కదా? పులిహోరలో వేసినట్టు గుర్తుంది. పప్పులో గుర్తుంది. ఇక్కడ గుర్తున్నది చెయ్యి చాపడం. డబ్బా అటు జరిగి ఉంది. అది ఎవరు జరిపారో తెలీదు.

త్రివేణి పట్టుచీర కొంగు దోపుకుని వచ్చింది. "అక్కా, మహానైవేద్యం ఇమ్మంటున్నారు. జనార్ధనరావు అంకుల్ వచ్చేశారు."

వెండిగిన్నెల్లో అన్నీ కొంచెం కొంచెం వడ్డించింది హేమమాలిని. దప్పళం పోస్తుంటే కొంచెం గిన్నె అంచు మీద పడింది. తుడిచి ఇచ్చింది. "జాగ్రత్తమ్మా." త్రివేణి గిన్నెల పళ్లెం రెండు చేతులా పట్టుకుని వెళ్లింది. లోపల గంట మోగింది.

హేమమాలిని వంటింట్లో ఒక్కతే ఉంది. దప్పళం మరుగుతోంది. ఇంకాసేపట్లో ఆకులు వేస్తారు. ఉప్పు లేకపోతే ఈసారి కూడా ఎవరో ఒకరి పేరు చెబుతారు. నవ్వుతూ చెబుతారు. ఆ పిల్ల చెవులు మళ్లీ ఎర్రబడతాయి.

పెద్ద గరిటెతో దప్పళం తీసింది. చిన్న చెంచా ఎడం చేత్తో పట్టుకుని, పైనుంచి ధారగా అందులోకి పోసింది. గరిటె చెంచాకి తగల్లేదు. రెండుసార్లు ఊదింది. నోట్లో పోసుకుంది.

పులుపుంది. తీపి ఉంది. ఉప్పు లేదు. చిటికెడంటే చిటికెడు కూడా లేదు.

ఆ చెంచా సింకులో పడేసింది. ఉప్పు వేసి తిప్పి, ఇంకో చెంచా తీసి మళ్లీ పోసుకుంది. చాల్లేదు. మళ్లీ వేసింది. మూడో చెంచా నోటి దగ్గర ఉండగా గుమ్మంలో త్రివేణి, ఆమె వెనకే రాజారావు నిలబడి ఉన్నారు.

రాజారావు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. "ఏం చేస్తున్నావ్?" గొంతు పూర్తిగా తగ్గించేశాడు.

"ఉప్పు చూస్తున్నాను."

"దేవుడి వంటని?"

"దేవుడికి తీసి పంపించాకే చూశాను. నాకు వాసన తెలీదండీ. నిరుడు జ్వరం నుంచి తెలీదు. మొన్న చారులో రెండుసార్లు వేసింది నేనే. త్రివేణి కాదు."

రాజారావు తలుపు గడియ మీంచి చెయ్యి తీయలేదు. లోపల పంతులుగారు కథ చదువుతున్నారు. ఆయన మొహంలో మొదట కోపం వచ్చింది, అది నిలవకుండానే ఇంకేదో వచ్చింది. "నిరుటి నుంచా," అన్నాడు. "మరి నాతో..." అని ఆపేసి, సింకులో చెంచాల వైపు చూశాడు. వాటిని గిన్నెల కిందికి తోశాడు. "సరే. ఎవరూ చూళ్లేదు. త్రివేణీ, నువ్వేం చూళ్లేదమ్మా. ఇవాల్టికి ఇలా కానీ. తర్వాత మాట్లాడుకుందాం."

త్రివేణి ఆయన వైపు చూడలేదు. హేమమాలిని దగ్గరికి వచ్చి, "అయితే పాయెయా రోజు కూడా..." అంది.

"ఆ రోజు కూడానమ్మా."

"నాకు చెప్పుంటే నేను వాసన చూసేదాన్ని కదా అక్కా." కోపంగానే అంది.

హేమమాలిని మూడో చెంచా నోట్లో పోసుకుంది. సరిపోయింది. పొయ్యి కట్టేసింది.

*

జనార్ధనరావు మొదటి ఆకు ముందు కూచున్నారు. తెల్లటి పంచె, నిటారుగా వీపు. పప్పు కలుపుకుని తిన్నారు, పులిహోర తిన్నారు. దొరబాబు ఆయన ఎడమ పక్కనే కూచుని, తన ఆకులో వేలు పెట్టకుండా ఆయన మొహమే చూస్తున్నాడు. హేమమాలిని దప్పళం వడ్డించింది. ఆయన ఒక ముద్ద తిని తలెత్తారు.

"అమ్మాయ్. మీ ఆయన చెబితే నేను నమ్మలేదు. రుచి చూడకుండా ఇంత కుదురుగా ఎలా వచ్చింది?"

రాజారావు వెంటనే అందుకున్నాడు. "అది మా ఇంటి పద్ధతండీ..."

"చూశానండి," అంది హేమమాలిని.

గదిలో చేతుల చప్పుడు తగ్గింది. ఆమె గరిటె గిన్నెలో దించింది. "స్వామికి వేరుగా తీసి పంపించాక చూశాను. గిన్నెలో పెట్టిన గరిటె నోటికి తగల్లేదు, నోట్లో పెట్టిన చెంచా గిన్నెకి తగల్లేదు. ఎంగిలైతే కాలేదు. కానీ చూశాను. నాకు వాసన తెలీదు. చూడకుండా వండలేను. మీకు తెలియకుండా పెట్టడం నాకిష్టం లేదు."

జనార్ధనరావు చెయ్యి ఆకు మీద అలాగే ఉంది. ఆయన దొరబాబు వైపు చూశారు. దొరబాబుకి ఇదంతా ఇప్పుడే తెలిసిందని ఆ మొహమే చెబుతోంది. రాజారావు మజ్జిగ జగ్గు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"కమిటీలో నేను ఈ మాట దాచలేను," అన్నారు జనార్ధనరావు చివరికి. "దాస్తే నాది తప్పు. చెబితే వాళ్లు ఒప్పుకోరు. గుడి పని వేరేవాళ్లని చూసుకుంటాం దొరబాబూ, ఏమీ అనుకోకు."

"సరే అంకుల్," అన్నాడు దొరబాబు.

ఆయన లేచిపోతారనుకున్నారు అందరూ. ఆయన అన్నం మధ్యలో గుంట చేసి, ఆకు కాస్త ముందుకి జరిపారు. "ఇంకొంచెం వెయ్యమ్మా, దప్పళం."

అతిథులు వెళ్లిపోయాక ఇంట్లోవాళ్లు కూచున్నారు. కుమారమ్మ దేవుడి దగ్గరి వెండిగిన్నెలు తెచ్చి మధ్యలో పెట్టింది. ప్రసాదం మిగల్చకూడదు కదా. దొరబాబు దప్పళం గిన్నె కళ్లకద్దుకుని, కొంచెం అన్నంలో కలుపుకున్నాడు. ఒక ముద్ద తిని ఆగాడు. ఆకులో పక్కనున్న రెండో దప్పళం, పెద్ద గిన్నెలోది, కలుపుకుని తిన్నాడు. మళ్లీ మొదటిది తిన్నాడు.

"అన్నా," అన్నాడు రాజారావుతో. "ఇన్నాళ్లూ ఎంగిలి పడని వంట అని చెప్పుకుని తిరిగాను నేను. ఇదిగో, ఆ వంట ఇదే." వెండిగిన్నె చూపించాడు. "ఇది స్వామి ఏమీ అనకుండా తింటాడు. జనానికి నేను అమ్మలేను. ఆ పెద్ద గిన్నెలోది అమ్ముకోగలను."

"గుడి పోయింది కదా తమ్ముడూ," అన్నాడు రాజారావు.

"పోయింది. ఇళ్లున్నాయి, ఆఫీసులున్నాయి. చిన్నగా మొదలెడదాం. వాసనకి త్రివేణి ఉంటుంది, పొద్దున్న ఆఫీసుకెళ్లే దాకా." పెళ్లాం వైపు చూశాడు. "నీ మీద ఊరికే అన్నాను మొన్న. సారీ."

"ఊరికే కాదు, అందరి ముందూ అన్నావ్," అంది త్రివేణి. "దీపావళిది కూడా చెప్పావ్." అయినా అప్పడాల పళ్లెం అతని వైపు తోసింది.

రాజారావు వెండిగిన్నె తన వైపు లాక్కున్నాడు. అందులో మిగిలిన దప్పళం అంతా తన అన్నంలో వొంపుకుని కలిపాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగాడు. హేమమాలిని ఎదురుగా కూచుని చూస్తోంది.

త్రివేణి ఉప్పు గిన్నె అందించబోయింది.

"వద్దమ్మా," అన్నాడు ఆయన. తలొంచుకుని, మెల్లగా, ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.